రెండు నంబర్లు పెద్దవి

మామూలు మనిషి తడికాలితో నడిస్తే నేల మీద మడమ ఒక చోట, వేళ్ళు ఒక చోట, మధ్యలో సన్నటి వంపు కనిపిస్తాయి. పలకన్న అడుగుకి వంపూ లేదు, వయ్యారమూ లేదు. పిల్లలు రాసుకునే పలకని తడిపి నేలకి ఆన్చినట్టు మొత్తం అచ్చు పడుతుంది. ఫైర్ స్టేషన్లో గొట్టాలు కడిగే రోజున వరండా నిండా తడి అడుగులే. వాటిలో ఇతనివి ఏవో చెప్పడానికి పెద్ద బుర్ర అక్కర్లేదు. పేరు అలా పడింది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా మిగల్లేదు.

మనిషి కూడా తక్కువవాడేం కాదు, నూట ఎనిమిది కిలోలు. ఇతను ఎక్కగానే ఆ పక్క టైరు నిట్టూరుస్తుందని ఇంజిన్ డ్రైవరు అంటూ ఉంటాడు. అననీండి. నీళ్ళు వదిలిన క్షణంలో గొట్టం వెనక్కి తన్నే తన్నుకి సన్నటివాళ్ళు రెండడుగులు వెనక్కి పోతారు. పలకన్న కదలడు. ఆ బరువూ ఆ చదును పాదాలూ అక్కడ పనికొచ్చేవి.

ఇంకో విషయంలోనూ ఇతను మొనగాడే. ఫైర్ స్టేషన్లో బూట్లని గోడవారగా వరసగా పెట్టి, ప్యాంట్లని వాటి మీదకి మడిచి ఉంచుతారు. సైరన్ మోగగానే కాళ్ళు బూట్లలోకి దింపి ప్యాంటు పైకి లాక్కుంటే సగం పని అయిపోతుంది. ఇంత లావు మనిషి అందరికంటే ముందు ఇంజిన్ ఎక్కేవాడు. దానికో కిటుకు ఉంది. కొత్తగా చేరినవాడు ఎవడైనా సరే, స్టోరు గది ముందు నిలబడి బూట్లు తీసుకుంటుంటే పలకన్న పక్కనే తయారు.

"నీ నంబరు ఎంతరా?"

"ఎనిమిదన్నా."

"తొమ్మిది తీసుకో. పది దొరికితే ఇంకా మంచిది. కాలు దానంతట అదే దిగిపోవాలి. అక్కడ నువ్వు కాలు ఇరికించుకుంటూ కూర్చుంటే ఇక్కడ ఒకడి ఇల్లు బూడిదవుతుంది."

పలకన్న నోటి నుంచి వచ్చిందంటే స్టేషన్లో అదే చట్టం. రూలు పుస్తకంలో లేకపోతేనేం, ఇరవై రెండేళ్ళుగా అందరూ అదే పాటించారు.

అందరికంటే బుద్ధిగా పాటించినవాడు పుల్ల. ఇరవై ఏడేళ్ళ కుర్రాడు, పొడుగ్గా, ఎండుపుల్లలా ఉంటాడు కాబట్టి ఆ పేరు. ఇతనిది ఎనిమిది నంబరు. పది తీసుకున్నాడు. మెట్ల మీద గొట్టం మోసుకెళ్ళడం పుల్ల పని, పైకి చేరాక పట్టుకుని నిలబడటం పలకన్న పని. మూడేళ్ళు అలాగే సాగింది. సొంత తమ్ముడైనా అంతలా మాట వినడని పలకన్న ఇంట్లో భార్యకి గొప్పగా చెప్పుకునేవాడు.

ఎనిమిది నెలల కిందట ఒక మధ్యాహ్నం, మూడో అంతస్తులో కాగితాల గిడ్డంగి అంటుకుంది. పుల్ల గొట్టం భుజాన వేసుకుని రెండేసి మెట్లు ఎక్కుతూ పోయాడు. పలకన్న వెనక. మొదటి అంతస్తు దాటేసరికి అరికాళ్ళు పట్టేశాయి, రెండో అంతస్తుకి ఊపిరి అందలేదు. గోడకి చెయ్యి ఆన్చి ఒక్క క్షణం ఆగాడు. ఆ ఒక్క క్షణం ఎంతసేపో ఇప్పటికీ తనకే తెలియదు. పైన ఏదో దబ్బున పడిన చప్పుడైంది.

వెళ్ళి చూస్తే పుల్ల మెట్ల మలుపులో పడి ఉన్నాడు. గొట్టం చివరి ఇత్తడి మూతి మీద మోచెయ్యి పడి నలిగిపోయింది. ఎడమ బూటు కాలికి లేదు. అది రెండు మెట్లు పైన, ఎవరో విప్పి పెట్టినట్టు నిటారుగా నిలబడి ఉంది. పొగ కిందికి దిగుతోంది. పలకన్న అతన్ని భుజాన వేసుకుని మెట్లు దిగాడు. దిగేటప్పుడు అరికాలి నొప్పి గుర్తు కూడా రాలేదు.

పుల్ల మోచెయ్యి మళ్ళీ చాపడానికి రాలేదు. అతన్ని కంట్రోల్ రూంలో, ఫోన్ల దగ్గర కూర్చోబెట్టారు. తడి మెట్టు మీద కాలు జారిందని రిపోర్టు రాశారు. ఎవరూ పలకన్నని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని అతనికి అనిపించింది. ఆస్పత్రిలో ఉన్నప్పుడు పుల్ల ఎవరినీ చూడటానికి రావద్దన్నాడు. ముఖ్యంగా పలకన్నని రావద్దన్నాడని తర్వాత తెలిసింది. తెలిసిన రోజు పలకన్న అన్నం దగ్గర కూర్చుని, కలిపిన ముద్ద కలిపినట్టే వదిలేసి లేచాడు.

"నేను లావుగా ఉండబట్టే కదా వాడికి ఆ గతి పట్టింది" అన్నాడు భార్యతో. "ఇరవై మెట్లు ముందుంటే వెనక నుంచి పట్టుకునేవాణ్ణి."

ఆమె దర్జీ. వీధి వైపు గదిలో కుట్టుమిషను, మెళ్ళో టేపు. లోకంలో అందరి నడుములూ ఆమెకి అంకెల్లో తెలుసు. "లావు ఇవాళ వచ్చిందా?" అంది దారం కొరుకుతూ. మిగతాది అనలేదు, ఎందుకంటే మొగుడి కళ్ళలో నీళ్ళు చూసింది.

ఇంతలో పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఇంజిన్ మీద వెళ్ళే ప్రతివాడూ మైదానం ఆరు చుట్లు పదహారు నిమిషాల్లో పరిగెత్తాలి. రెండు నెలలు గడువు. తప్పినవాళ్ళు స్టోరు గదికి. ఆ కాగితం ఎవరి కోసం పుట్టిందో అందరికీ తెలుసు, పలకన్నకి అందరికంటే బాగా తెలుసు. నలభై ఎనిమిదేళ్ళ వయసులో బూట్లు లెక్కపెట్టుకుంటూ స్టోరులో కూర్చోవాలి. అది కూడా కాదు అతని బాధ. స్టోరుకి వెళ్ళడమంటే, పుల్లని పడేసింది నేనే అని సంతకం పెట్టి ఇచ్చినట్టు.

మర్నాటి నుంచి తెల్లారగానే పరుగు మొదలెట్టాడు. పరుగు అనడానికి మనసొప్పదు గానీ, నడక కాదు కాబట్టి అలాగే అందాం. వారం తిరిగేసరికి పాదం లోపలి అంచు, దాని పైన పిక్క ఎముక వెంబడి ఒకటే సలుపు. ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. కూర్చుంటే నొప్పి, నిలబడితే నొప్పి.

బజార్లో పెద్ద దుకాణానికి వెళ్తే, సేల్స్ కుర్రాడు ఇతన్ని కిందికీ మీదికీ చూసి, "మీ బరువుకి మెత్తటివి కావాలి సార్" అని దూది మూటల్లాంటివి తెచ్చాడు. నొక్కితే వేలు దిగిపోతోంది. పదకొండో నంబరు ఇవ్వమన్నాడు పలకన్న, అలవాటు ప్రకారం. తొడుక్కుంటే మేఘం మీద నిలబడినట్టే ఉంది. మూడో రోజుకి ఆ మేఘం లోపలి వైపు చితికిపోయి, మడమలు రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకోవడం మొదలెట్టాయి. నొప్పి మోకాలిదాకా ఎక్కింది. అయిదు చుట్లకే పద్దెనిమిది నిమిషాలు పట్టింది.

"ఒరుగుతున్న గోడకి దిండు పెడితే నిలబడుతుందా?" అంది భార్య ఆ బూట్లని తిప్పి చూసి. "నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒకావిడకి పరుగు బూట్ల కొట్టు ఉంది. ఒకప్పుడు తనూ పరిగెత్తేదట. సాయంత్రం వెళ్ళు, పాతవి కూడా పట్టుకెళ్ళు."

ఆ కొట్టు మేడ మీద. పదిహేను మెట్లు. కొట్టావిడకి అరవై దాటి ఉంటాయి. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, మాట అంతకంటే పొట్టి. కొత్త జత ఒక్కటీ చూపించలేదు. ముందు పాత బూట్లు బల్ల మీద పెట్టి వెనక నుంచి చూసింది.

"లోపలికి ఒరిగిపోయాయి. ఇంత మెత్తటివి మీకెవరిచ్చారు? మీ బరువు దిగుతుంది, వంపు లేని పాదం లోపలికి వాలుతుంది. మెత్తగా ఉన్నకొద్దీ ఇంకా వాలుతుంది. మీకు కావలసింది లోపలి అంచు గట్టిగా ఉండి ఆపేది. కింద వెడల్పుగా ఉండాలి, మడమ దగ్గర గట్టిగా పట్టుకోవాలి. సాయంత్రం వచ్చారు, మంచి పని చేశారు. రోజంతా నిలబడ్డాక పాదం ఉబ్బుతుంది, అసలు కొలత అప్పుడే తెలుస్తుంది. నంబరెంత?"

"పదకొండు."

ఆమె కొలత బల్ల మీద నిలబెట్టింది. వంగి చూసి, "తొమ్మిది" అంది.

"కాదండీ, ఇరవై రెండేళ్ళుగా పదకొండే."

"పొడవు తొమ్మిది. వెడల్పు మాత్రం అందరి లాంటిది కాదు. వెడల్పు చాలక పొడవు కొంటున్నారు. ఆ పాతవే తొడుక్కుని ఒకసారి మెట్లు దిగి మళ్ళీ ఎక్కి రండి."

దిగాడు, ఎక్కాడు. ఆమె పై మెట్టు మీద చేతులు కట్టుకుని పాదాల్నే చూస్తోంది. నాలుగో మెట్టు దగ్గర ఆగమంది.

"వినపడిందా ఆ టప్‌టప్? ప్రతి మెట్టుకీ మడమ పైకి లేస్తోంది. ముందు ఖాళీగా ఉంది కదా, ఆ కొస మెట్టు అంచుకి తగులుతోంది. ఇంతకాలం పడలేదంటే మీ పాదం వెడల్పు కాబట్టి, పక్కల నుంచి బిగుసుకుని ఉంది. సన్నటి పాదమైతే ఎప్పుడో కాలు బయటికొచ్చేసి బూటు మెట్టు మీదే ఉండిపోయేది."

పలకన్న కమ్మీ పట్టుకుని అక్కడే, ఆ నాలుగో మెట్టు మీదే కూర్చుండిపోయాడు.

ఎనిమిది నెలలుగా రోజూ ఆ మెట్లు తలుచుకున్నాడు. తన ఊపిరి, తన పొట్ట, గోడకి ఆన్చిన చెయ్యి, ఇవే కనిపించేవి. రెండు మెట్లు పైన నిటారుగా నిలబడ్డ బూటు ప్రతిసారీ కళ్ళ ముందే ఉంది, ఒక్కసారీ దాన్ని అడగలేదు, నువ్వక్కడ ఏం చేస్తున్నావని. పడినవాడి కాలి నుంచి ఊడితే బూటు కూడా దొర్లాలి. అది దొర్లలేదు. బూటు ఆగిపోయింది, కాలు ముందుకెళ్ళింది. ఎనిమిది నంబరు కాలు, పదో నంబరు బూటు. పక్కన నిలబడి ఇప్పించింది ఎవరు?

"నొప్పిగా ఉందా?" అని అడిగింది కొట్టావిడ, ఈసారి కాస్త మెత్తగా.

"లేదండీ. తొమ్మిదో నంబరే ఇవ్వండి."

వెడల్పుగా, లోపలి అంచు గట్టిగా ఉన్న జత ఇచ్చింది. వేళ్ళ ముందు బొటనవేలంత ఖాళీ, మడమ దగ్గర వెంట్రుక కూడా దూరదు. వాటిలో నిలబడితే పాదాలు మొదటిసారి తిన్నగా నిలబడ్డాయి. ఆ సుఖం అనుభవించే స్థితిలో మనిషి లేడు. బయటికొచ్చి వీధిలో నడుస్తూ, ఎవరో ముందరి జనంలోంచి వెనక్కి తిరిగి తనని పేరు పెట్టి పిలుస్తారేమోనన్నంత సిగ్గుతో నడిచాడు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఈ సంగతి అతను దాచేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. కొత్త బూట్లతో పరిగెత్తి పరీక్ష గట్టెక్కేవాడు, ఇంజిన్ మీద ఉండేవాడు. భార్యతో కూడా రెండు రోజులు చెప్పలేదు. మూడో రోజు ఆమె అతని ప్యాంటు పొట్టి చేస్తుంటే పక్కన కూర్చుని అంతా చెప్పేశాడు. ఆమె మిషను ఆపింది.

"మంచికే చెప్పావు కదా నువ్వు."

"మంచికే చెప్పాను. వాడి చెయ్యి పోయింది."

ఆమె టేపు మెళ్ళోంచి తీసి వేళ్ళకి చుట్టుకుంది. "వాడికి చెప్పి రా. ఇంకెవరి నోటి నుంచో విన్నాడంటే నువ్వు మళ్ళీ వాడి మొహం చూడలేవు."

కంట్రోల్ రూం స్టేషన్ మేడ మీదే. మధ్యాహ్నం ఫోన్లు పెద్దగా రాని వేళ చూసి వెళ్ళాడు. పుల్ల ఎడం చేత్తో ఏదో రాసుకుంటున్నాడు. కుడి చెయ్యి బల్ల మీద వంగి ఉంది, ఇస్త్రీ చేసి మడిచినట్టు.

"ఏంటన్నా, పరుగు మానేసి మెట్లెక్కావ్?"

పలకన్న నీళ్ళు నమిలాడు. వాతావరణం బాగుందన్నాడు. ఫ్యాను కొత్తదా అన్నాడు. ఆఖరికి కుర్చీ లాక్కుని, నేలని చూస్తూ, కొట్టావిడ మాటలు మొదలుకుని ఆ నిలబడ్డ బూటు దాకా ఒక్క ఊపులో చెప్పాడు. చివర్లో, "నేను లేటుగా వచ్చాననుకున్నాన్రా ఇన్నాళ్ళూ. లేటు కాదు. నేనే తోశాను నిన్ను" అన్నాడు.

పుల్ల కలం మూత పెట్టాడు. ఒంటి చేత్తో పెట్టడానికి కొంచెంసేపు పట్టింది.

"నాకు తెలుసన్నా."

"ఏం తెలుసు?"

"ఆస్పత్రిలో రెండో బూటు నర్సు పట్టుకోగానే ఊడొచ్చేసింది. 'ఇది నీదేనా, మీ నాన్నదా' అంది. అప్పుడే తెలిసింది."

పలకన్న తలెత్తాడు. "మరి చెప్పలేదేం?"

"కోపం రాలేదనుకోకు. మూడు నెలలు నీ మొహం చూడబుద్ధి కాలేదు. అందుకే రావద్దన్నా. రాత్రీ పగలూ నీ మాటే చెవిలో వినపడేది, కాలు దానంతట అదే దిగిపోవాలి అని." కలం పక్కకి జరిపాడు. "తర్వాత అనుకున్నా, చెప్తే ఏం చేస్తాడు? ఇంజిన్ దిగిపోయి ఇంట్లో గోడ చూస్తూ కూర్చుంటాడు. నాతో పాటు నువ్వూ దిగిపోతే నాకేం కలిసొస్తుంది?"

"మిగతావాళ్ళ బూట్లో?"

పుల్ల మొహం పాలిపోయింది. తన కోపంలో, తన చేతి బాధలో అతను అది ఆలోచించలేదు. కింద ఇంకా పది జతలు గోడవారగా ఉన్నాయి, అన్నీ అదే చట్టం ప్రకారం తీసుకున్నవి. వాటిలో కాళ్ళు పెట్టుకుని ఎనిమిది నెలలుగా మనుషులు మెట్లెక్కుతూనే ఉన్నారు.

"పరీక్ష నెగ్గన్నా" అన్నాడు పుల్ల చివరికి. "నెగ్గి నువ్వే చెప్పు. నేను చెప్తే చెయ్యి పోయినవాడి ఏడుపు అంటారు. ఓడిపోయి చెప్తే సాకు అంటారు."

"వద్దురా. ఇవాళే చెప్తా. ఏమన్నా అనుకోనీ."

చెప్పాడు. ఆ సాయంత్రం వరండాలో అందరినీ నిలబెట్టి, ఎవరి ముందు ఇరవై రెండేళ్ళు పెద్దరికం చేశాడో వాళ్ళ ముందే, పుల్ల ఎందుకు పడ్డాడో చెప్పాడు. డ్రైవరు నవ్వాడు మొదట, తర్వాత నవ్వలేదు. భార్య టేపు తెచ్చుకుని తనే వంగి ఒక్కొక్కడి పాదం కొలిచాడు. పది మందివీ తప్పు నంబర్లే. ఆఫీసరు గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. "ఇదంతా రాసి ఇవ్వు" అని లోపలికి వెళ్ళిపోయాడు. పలకన్న రాసి ఇచ్చాడు, అసలు పేరుతో సంతకం పెట్టాడు. అది ఎక్కడికి చేరుతుందో, చేరాక ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు.

పరీక్ష రోజున పదిహేను నిమిషాల నలభై సెకన్లు. ఆఖరి చుట్టులో కళ్ళు బైర్లు కమ్మాయి గానీ పాదాలు మాత్రం ఒరగలేదు. ఆఫీసరు గడియారం చూసి తలాడించి తర్వాతివాణ్ణి పిలిచాడు. వెనకటి పలకన్నయితే స్టేషన్ అంతటికీ టీ పోయించేవాడు. ఈ పలకన్న తిన్నగా స్టోరుకి వెళ్ళి, పదకొండో నంబరు బూట్లు అప్పగించి, వెడల్పాటి తొమ్మిది తీసుకున్నాడు. గోడవారగా పెట్టి ప్యాంటు మడిచాడు.

నాలుగు రోజులకి, మధ్యాహ్నం సైరన్ మోగింది.

కాళ్ళు దింపాడు. దానంతట అదే దిగలేదు. కుడికాలు దిగింది, ఎడమకాలు మడమ దగ్గర ఆగింది. ఒంగి రెండు చేతులా లాగాడు. అందరికీ కొత్త బూట్లే, అందరికీ ఆలస్యమే, అయినా అందరికంటే వెనక ఇతనే. "ఏం అన్నా, పెళ్ళికి ముస్తాబా?" అని అరిచాడు డ్రైవరు. పలకన్న ఎక్కగానే ఇంజిన్ కదిలింది. బూట్లు గట్టిగా పట్టుకుని ఉన్నాయి. దిగులు మాత్రం వదల్లేదు. ఆ పోయిన పది సెకన్లు ఎవరి ఇంట్లో పోయాయోనని.

స్పీకర్లో గరగర వినిపించి, పుల్ల గొంతు వచ్చింది. అడ్రసు చెప్పాడు, మలుపు చెప్పాడు. వంటగది నుంచి మంటలు, లోపల ఒక ముసలాయన. "నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు."

రూలు ప్రకారం అక్కడితో ఆపెయ్యాలి. ఆపలేదు. గరగర మధ్య ఒక క్షణం ఖాళీ, తర్వాత మళ్ళీ అదే గొంతు, ఈసారి కొంచెం నెమ్మదిగా.

"అన్నా, బూట్లు సరిపోయాయా?"

పలకన్న మైకు అందుకున్నాడు. అందరూ తన వైపే చూస్తున్నారు. సరిపోయాయని చెప్పబోయి ఆగాడు. పక్కనున్న కొత్త కుర్రాడు ఇంకా వంగి బూటు లాక్కుంటూనే ఉన్నాడు. పలకన్న మైకు ఒళ్ళో పెట్టేసి, ముందుకు వంగి ఆ కుర్రాడి మడమ పట్టుకుని, బూటు పూర్తిగా దిగేదాకా నొక్కాడు.

"ఆఁ" అన్నాడు అప్పుడు మైకులో. "సరిపోయాయిరా."